ఎవరూ పడని కుర్చీ

శిబిరం,
వడ్రంగి షెడ్డు.

అక్కా,

నేను బాగానే ఉన్నాను. ముందు ఆ మాట చదివి స్థిమితపడి, తర్వాత మిగతాది చదువు.

నన్ను యుద్ధానికి పంపలేదు. రైలు దిగగానే అందరినీ వరసలో నిలబెట్టి ఏం పని వచ్చని అడిగారు. నా ముందువాడు వంట వచ్చన్నాడు, వాడి చేతికి తుపాకి ఇచ్చారు. నేను భయపడుతూనే వడ్రంగం అన్నాను. అంతే, ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచి వచ్చి, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావయ్యా" అని నా భుజం తట్టారు. నన్ను చూసి అంత సంతోషించినవాళ్ళు మన ఇంట్లో కూడా లేరు.

ఇది పట్టుబడ్డ శత్రువుల్ని ఉంచే శిబిరం. ఒకప్పుడు సబ్బుల ఫ్యాక్టరీ. గోడలు ఇప్పటికీ సబ్బు వాసనే వేస్తాయి కాబట్టి ఇక్కడ అన్నీ శుభ్రంగానే జరుగుతున్నట్టు అనిపిస్తుంది.

సంగతేమిటంటే, ఇక్కడ ఖైదీలు కుర్చీల మీంచి పడిపోతున్నారు. ప్రశ్నలడగడానికి ఒక గది ఉంది. అందులో ఖైదీని కూర్చోబెడతారు. కాసేపటికి పడిపోతాడు. ఒకడికి పళ్ళు ఊడతాయి, ఒకడికి చెయ్యి విరుగుతుంది. ప్రతిసారీ డాక్టరు "కుర్చీ మీంచి పడ్డాడు" అని రాసి పంపిస్తాడు. అలాంటి కాగితాలు కుప్పలుగా చేరేసరికి పై ఆఫీసులో ఎవరో బుద్ధిమంతుడు, "ఇంతమంది పడుతున్నారంటే లోపం కుర్చీల్లోనే ఉంది, వెంటనే ఒక వడ్రంగిని వెయ్యండి" అని ఉత్తర్వు ఇచ్చాడట.

ఆ వడ్రంగిని నేను. మనిషి పడని కుర్చీ చెయ్యాలి. నా చేతిపని సంగతి నీకు తెలియంది కాదు. నాన్న ఉంటే ఆయన్నే అడిగేవాణ్ణి. ఆయన కుర్చీల షాపు ఇప్పుడు నడిపేది నువ్వే కాబట్టి నువ్వే ఏదో ఉపాయం చెప్పు. ఇక్కడ ఉత్తరాలు విప్పి చదివే గుమాస్తా ఒకాయన ఉన్నాడు. కుర్చీల గురించి ఎంతైనా రాసుకోమన్నాడు. కుర్చీలు రహస్యం కావట.

నీ తమ్ముడు


ఇల్లు,
షాపు వెనక వరండా.

బంగారు చేతుల తమ్ముడికి,

నిన్ను వడ్రంగిగా పెట్టుకున్నారంటే మన సైన్యం ఎంత ఇబ్బందిలో ఉందో అర్థమైంది. నీ ఉత్తరం చదివి నవ్వుతుంటే షాపులో పనివాళ్ళంతా వచ్చి చుట్టూ చేరారు. వాళ్ళకీ చదివి వినిపించాను.

నువ్వు చేసిన పీట గుర్తుందా? మేనత్త కూర్చోగానే నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోయాయి. ఆవిడ ఇప్పటికీ మన ఇంటికొస్తే నేల మీదే కూర్చుంటుంది. నువ్వు చేసిన బల్ల మీద గ్లాసు పెడితే దానంతటదే నడుచుకుంటూ వెళ్ళి అంచు దూకేది. నీకు పని రాదురా నాయనా. వచ్చినట్టు నటించడం మాత్రం పుట్టుకతో వచ్చింది.

సరే, విను. కాళ్ళు కింద కాస్త బయటికి వాలేటట్టు బిగించు. కూర్చునే పలక వెనక్కి వాటంగా ఉండాలి, మనిషి తనంతట తాను వీపు ఆనించేటట్టు. అతుకులు మేకులతో సరిపెట్టకు, జిగురు ఆరేదాకా ఆగు. నీకు ఆగడం చేతకాదు, అదే నీ జబ్బు. నాన్న పద్ధతి మర్చిపోకు. చేసినవాడు కూర్చోకుండా కుర్చీ గుమ్మం దాటకూడదు. తీసుకునేవాళ్ళ ఎదురుగా కూర్చోవాలి, వాళ్ళు చాలు అనేదాకా లేవకూడదు.

మీ బావ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అవతలివాళ్ళకి పట్టుబడ్డాడన్నది నిజమే. అచ్చు వేసిన కార్డు, "క్షేమంగా ఉన్నాను" అన్నచోట టిక్కు పెట్టాడు. ఆ టిక్కు చూసేదాకా నాకు ముద్ద దిగలేదు. ఒకరకంగా నయమే, తుపాకులకి దూరంగా ఉన్నాడు. యుద్ధం అయ్యేదాకా అక్కడ కూర్చోబెట్టి తిండి పెడతారు. ఇక్కడ ఆయన చేసే పాలిష్ పనంతా నా నెత్తి మీద పడింది.

మీ అక్క


శిబిరం,
వడ్రంగి షెడ్డు.

అక్కా,

నువ్వు చెప్పినట్టే కాళ్ళు వాల్చాను, పలక వాటం చేశాను. అయినా పడ్డారు. రెండు పక్కలా చేతులు పెట్టాను. చేతుల మీంచి పడ్డారు. ఇలా కాదని ఎత్తు తగ్గించుకుంటూ వచ్చి జానెడు పీట చేశాను. దాని మీంచి పడి ఒకడికి భుజం ఎముక విరిగింది. జానెడు ఎత్తు నుంచి పడితే ఎముక విరుగుతుందని నేనెక్కడా వినలేదు. కానీ డాక్టరు చదువుకున్నవాడు.

ప్రశ్నల ఆఫీసరు, అంటే ఆ గదిలో ప్రశ్నలడిగే ఆయన, మహా మర్యాదస్తుడు. నన్ను ఒక్క మాట అనడు. కొత్త కుర్చీ తీసుకెళ్ళిన ప్రతిసారీ చుట్టూ తిరిగి చూసి, "పర్లేదు, ఇంకాస్త ప్రయత్నించు" అంటాడు. చివరికి ఆయనే, "అందరికీ ఒకే కుర్చీ అంటే ఎలా కుదురుతుంది, మనిషి కొలతలు తీసుకుని చెయ్యి" అన్నాడు. దర్జీలాగా టేపు మెడలో వేసుకుని ఖైదీల గదికి వెళ్ళాను. అందరికన్నా ఎక్కువసార్లు పడ్డవాణ్ణి చూపించారు.

అవతలి దేశంలో ఆయన బస్సు కండక్టరట. సైనికుల్ని ఎక్కించుకున్న బస్సుతో పాటు ఆయన్నీ పట్టుకొచ్చారు. వాళ్ళ మాట కూడా మన మాటే, కాస్త సాగదీస్తారు అంతే. ఎడమ చేతికి గుడ్డ చుట్టి ఉంది. నేను మోకాలి ఎత్తు కొలుస్తుంటే పైనుంచి ఏమన్నాడో చూడు.

"తమ్ముడూ, గుంతల రోడ్డు మీద, జనం వేలాడే బస్సులో, దేన్నీ పట్టుకోకుండా టిక్కెట్లు చింపినవాణ్ణి. సర్వీసులో ఒక్కసారి కూడా పడలేదు. కదలని కుర్చీలోంచి పడడం ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను."

కాపలావాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. కండక్టరు కూడా నవ్వి, "నువ్వు మరీ అంత బాగా చెయ్యకు. నువ్వెంత బాగా చేస్తే నేనంత కష్టపడి పడాలి" అన్నాడు.

ఎందుకో షెడ్డుకి వచ్చాక నాకు నవ్వు రాలేదు.

కానీ కుర్చీ మాత్రం, అక్కా, ఒట్టేసి చెప్తున్నాను, నా జన్మలో అలాంటిది చెయ్యలేదు. జిగురు ఆరేదాకా ఆగాను. చిత్రిక పట్టి పట్టి చెయ్యి వేస్తే జారిపోయేంత నున్నగా చేశాను. ప్రశ్నల ఆఫీసరు ఎదురుగా కూర్చున్నాను, ఆయన చాలన్నాకే లేచాను. కిర్రుమని కూడా అనలేదు. నువ్వు చూసి ఉంటే ఇది నా పని అని నమ్మేదానివి కాదు.

నీ తమ్ముడు


ఇల్లు,
షాపు.

ఒరే తమ్ముడూ,

ఆ కండక్టరు మాట భలే ఉంది. ఈసారి కూడా చదివి వినిపిద్దామని పనివాళ్ళని పిలిచాను. సగంలో ఆపేశాను. వాళ్ళూ మిగతాది అడగలేదు.

నాకొక సంగతి చెప్పు. విరిగిన కుర్చీ ఎవరైనా షాపుకి తెస్తే నాన్న ముందు కుర్చీని చూసేవాడు కాదు. ఎవరు కూర్చున్నారు, అప్పుడేం చేస్తున్నారు, పక్కన ఎవరున్నారు అని అడిగేవాడు. నువ్వు ఇన్ని కుర్చీలు చేశావు కదా, ఒక్క మనిషి పడుతుంటే నీ కళ్ళతో చూశావా? ముందుకి పడుతున్నారా, వెనక్కా, పక్కకా? ముందుకైతే పలక వాటం తప్పు, వెనక్కైతే కాళ్ళ తప్పు. అది తెలియకుండా కుర్చీ మీద కుర్చీ చేసుకుంటూ పోతే రోగం ఒకటైతే మందు ఒకటవుతుంది.

ఇంకో మాట. కుర్చీ అంత బాగా కుదిరిందంటున్నావు. నువ్వు పుట్టినప్పటి నుంచీ నిన్ను ఎరుగుదును. నీకు అంత ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందిరా?

గుమాస్తాగారూ, ఇదంతా కుర్చీ గురించే రాశాను. దయచేసి కొట్టెయ్యకండి.

మీ అక్క


శిబిరం,
వడ్రంగి షెడ్డు.

అక్కా,

ఎటువైపు పడుతున్నారని అడిగావు. అన్ని వైపులకీ పడుతున్నారు. నేను చూడలేదు. ఆ తలుపు వేసి ఉంటుంది.

కుర్చీ కదలకుండా నేలకి బోల్టులు వేసి బిగించమన్నారు, బిగించాను. కండక్టరు మళ్ళీ పడ్డాడు. ఈసారి లేవలేదు. చనిపోయాడక్కా. ఆయన కొలతలు రాసుకున్న చెక్కముక్క ఇంకా నా జేబులోనే ఉంది.

మనిషి పోయాడు కాబట్టి విచారణ కమిటీ వచ్చింది. ముగ్గురు పెద్దలు. గదిలో ఎవరెవరు ఉన్నారని అందరినీ పిలిచి అడిగారు. ప్రశ్నల ఆఫీసరు ఆ సమయానికి టీ తాగడానికి బయటికెళ్ళాడట. కాపలావాళ్ళిద్దరూ ఆయనకి టీ చూపించడానికి వెళ్ళారట. ఆ గదిలో జవాబులు రాసుకునే గుమాస్తా పెన్నులో సిరా పోసుకోవడానికి వెళ్ళాడట. డాక్టరు రావడమే తర్వాత వచ్చాడు. గదిలో ఎవరూ లేరు, ప్రశ్నలు మాత్రం జరిగాయి. కమిటీ పెద్ద చాలాసేపు ఆలోచించి, "అయితే ఆ సమయంలో గదిలో ఉన్నది కుర్చీ ఒక్కటే" అన్నాడు.

కుర్చీని అరెస్టు చేశారు. వేళాకోళం కాదు. బోల్టులు విప్పించి, మెడకి, అంటే వీపు పలకకి, ఒక చీటీ కట్టి, విడిగా ఒక గదిలో పెట్టారు. ఖైదీలు కాళ్ళు చాపే చోటు లేక వంతులేసుకుని పడుకుంటున్నారు. కుర్చీకి మాత్రం గాలి వచ్చే కిటికీతో సహా గది దొరికింది. తలుపు దగ్గర ఒక కాపలావాడు. అది సాక్ష్యం కాబట్టి దాని మీద కూర్చోకూడదు. పాపం, వాడు పొద్దస్తమానం కుర్చీ పక్కనే నిలబడి ఉంటున్నాడు.

ఇప్పుడు నా వంతు. ఒక కాగితం చేతిలో పెట్టారు. కుర్చీలో లోపం ఉంది, చేసినవాడికి పని రాదు, అంతే. సంతకం పెడితే పనికిరానివాడిగా ముద్ర వేసి ఇంటికి పంపేస్తారు. జైలు కూడా లేదు. నేను నసుగుతుంటే ప్రశ్నల ఆఫీసరు ఎంతో ప్రేమగా, "మీ అక్కగారు కూడా ఇదే రాశారుగా" అన్నాడు. నువ్వు రాసిన ఉత్తరం, మేనత్త పీట ఉత్తరం, కమిటీ బల్ల మీద ఉంది. చదివి ముగ్గురూ నవ్వుకున్నారట. మేనత్త ఆరోగ్యం ఎలా ఉందని కూడా అడిగారు.

నాకు పని రాదనడం అబద్ధమేం కాదు కదా. సంతకం పెడదామనే ఉంది. పాలిష్ పనిలో నీకు సాయంగా ఉంటాను. ఏమంటావు?

నీ తమ్ముడు


ఇల్లు.

తమ్ముడూ,

రెండు వైపులా ఖైదీల కబుర్లు చేరవేసే సహాయ సంఘం వాళ్ళు ఒక కాగితం తెచ్చి ఇచ్చారు. అవతలి పక్షం పంపింది. మీ బావ కుర్చీ మీంచి జారిపడ్డాడట. రెండు చేతులూ విరిగాయట. కింద "క్షేమంగా ఉన్నాను" అన్నచోట టిక్కు ఉంది. రెండు చేతులూ విరిగినవాడు టిక్కు ఎలా పెట్టాడో నాకు తెలియదు.

చదవగానే నాకేమనిపించిందో తెలుసా? అక్కడి వడ్రంగి ఎవడో మా తమ్ముడిలాంటి దద్దమ్మ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. తర్వాత పాలిష్ డబ్బా పక్కన కూర్చుని ఏడ్చాను. ఆ చేతులు ఎంత మెత్తగా పని చేసేవో నువ్వూ చూశావు.

సంతకం పెట్టేసి ఇంటికి రా అని రాద్దామనే నిన్నటిదాకా అనుకున్నాను. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు. ఇవాళ చెయ్యి రావడం లేదు. అక్కడ కూడా ఒక వడ్రంగి ఇలాంటి సంతకమే పెట్టి ఇంటికెళ్ళి ఉంటాడు. వాళ్ళక్క ఎంతో సంతోషించి ఉంటుంది. ఆవిణ్ణి నేను తిట్టలేకపోతున్నాను.

నీకు పని రాదని రాసిన ముక్క నేను వెనక్కి తీసుకుంటున్నాను. కమిటీ వారికి చెప్పు. ఎగతాళి చెయ్యడం అక్కల హక్కు, అది సాక్ష్యం కాదు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాళ్ళని చూశాను గానీ, మద్దెలని అరెస్టు చేసినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను.

నువ్వు ఏం చేసినా నిన్ను ఇంట్లోకి రానిస్తాను. కానీ కుర్చీ మీంచి మనిషి ఎలా పడతాడో నాకు రాయి. నీకు తెలుసు. తెలియనివాడు అన్ని హాస్యాలు రాయడు.

అక్క


శిబిరం.

అక్కా,

ఇది గుమాస్తా చేతిలో పడకుండా కలప లారీ డ్రైవరుకి ఇస్తున్నాను. షాపుకే తెచ్చి ఇస్తాడు.

నా షెడ్డుకీ ఆ గదికీ మధ్య ఉన్నది ఒక్క రేకు. కనపడదు గానీ అన్నీ వినపడతాయి. ఆఫీసరు మెల్లగా ప్రశ్న అడుగుతాడు. తర్వాత దెబ్బ. తర్వాత మళ్ళీ మెల్లగా ప్రశ్న. కండక్టరు మొదట్లో జోకులు వేసేవాడు. తర్వాత వాళ్ళమ్మని పిలిచేవాడు. అది వినలేక నేను చిత్రిక గట్టిగా పట్టేవాణ్ణి, ఆ చప్పుడులో ఈ చప్పుడు కొట్టుకుపోవాలని. ఆయన ఎంతసేపు అరిస్తే అంతసేపు పట్టాను. ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగావు. అక్కణ్ణుంచే వచ్చింది. కుర్చీ అందుకే అంత నున్నగా కుదిరింది.

నీ ఉత్తరం అందాక కమిటీ ముందుకి వెళ్ళి, నేను సంతకం పెట్టను, కుర్చీ మంచిది అన్నాను. నిరూపించమన్నారు. కుర్చీని కాపలాతో తీసుకొచ్చారు. కూర్చుని చూపించాను. తర్వాత వాళ్ళు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు. కమిటీ పెద్ద అయితే లేవనే లేదు. ఎన్నాళ్ళనుంచో ఉన్న నడుం నొప్పి సర్దుకుందని, ఇలాంటిది తన ఇంటికొకటి కావాలని అన్నాడు. అందులో కూర్చునే మిగతా విచారణ చేశాడు.

అప్పుడు చెప్పాను. ఎవరెవరు ఆ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేవారో, నాకేం వినపడేదో, నేనేం చేసేవాణ్ణో, అంతా. గుమ్మడికాయల దొంగ అనకముందే అందరూ భుజాలు తడుముకున్నారు. ప్రశ్నల ఆఫీసరు తనకి పైనుంచి అడిగారన్నాడు, జవాబులు తొందరగా కావాలన్నారట. శిబిరం పెద్దాయన తాను జవాబులే అడిగానన్నాడు, ఎలా అన్నది అడగలేదట. కాపలావాళ్ళు పట్టుకున్నామే గానీ కొట్టలేదన్నారు. డాక్టరు చూసింది రాయలేదు, చెప్పింది రాశాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు కదా, ఇక్కడ పంచి పంచి చివరికి ఎవరి పిడికిట్లోనూ ఏమీ లేదు. నా వాటా మాత్రం నా దగ్గరే ఉంది. అదైనా ఉండనీ అనిపిస్తోంది.

కమిటీ తీర్పు చెప్పింది. కుర్చీ నిర్దోషి. చీటీ విప్పి, గౌరవంగా విడుదల చేసి, మళ్ళీ ఆ ప్రశ్నల గదిలోనే బోల్టులు వేసి బిగించమన్నారు. నాచేతే బిగింపించారు.

నేను చెప్పింది చాలా తీవ్రమైన విషయం కాబట్టి వివరంగా వాంగ్మూలం తీసుకోవాలట. వాంగ్మూలాలు తీసుకోవడం ప్రశ్నల ఆఫీసరు పని. అది జరిగేది ఆ గదిలో. కమిటీ కారెక్కి వెళ్ళిపోయింది. రేపు పొద్దున్న నన్ను రమ్మన్నారు.

నువ్వు కంగారుపడకు. కుర్చీ నేను చేసిందే, నాకు తెలుసు. దాని మీంచి ఎవరూ పడరు. నేను పడ్డానని కాగితం వస్తే నమ్మకు.

నీ తమ్ముడు


ఇల్లు,
షాపు.

నాయనా తమ్ముడూ,

కాగితం వచ్చింది. నేను నమ్మలేదు.

నువ్వు కుర్చీ మీంచి పడ్డావట. దవడ విరిగినందువల్ల మాట్లాడలేవట, మిగతా విధాల క్షేమమట. వడ్రంగే పడిపోయాడు కాబట్టి కుర్చీలో లోపం ఉందని చెప్పడానికి ఇప్పుడు అక్కడ తెలిసినవాళ్ళు లేరట. ఆ పద్ధతిలో కుర్చీలు చేసే షాపు మనదే కనక, యజమానిగా నేను స్వయంగా వచ్చి, చూసి, సంతకం చెయ్యాలట. రైలు టిక్కెట్టు కూడా జత చేశారు. ఎంత మర్యాదస్తులో నువ్వు ముందే రాశావు.

ఈ ఉత్తరం లారీ డ్రైవరుతో పంపుతున్నాను. ఆసుపత్రిలో ఎవరిచేతనైనా చదివించుకో. జవాబు రాయాలని తాపత్రయపడకు.

నిన్ను నిజం రాయమన్నది నేను. ఇంటికి రమ్మని ఉంటే ఈపాటికి వరండాలో కూర్చుని నాతో తిట్లు తింటూ ఉండేవాడివి. నా వాటా కూడా నా దగ్గరే ఉందిరా. దాన్ని ఎవరికీ పంచను.

కండక్టరు ఇంటికి ఒక ఉత్తరం రాసి సహాయ సంఘం వాళ్ళకిచ్చాను. అమ్మా, మీ ఆయన కుర్చీ మీంచి పడలేదు, ఆ కుర్చీ మా తమ్ముడు చేశాడు, అది చాలా మంచి కుర్చీ అని రాశాను. అలాంటి ముక్క అవతలి నుంచి నాకెవరైనా రాస్తే బాగుండునని ఉంది. రాస్తారేమో చూడాలి.

రేపటి రైలుకి బయలుదేరుతున్నాను. పనివాళ్ళు కూడా వస్తామన్నారు, మేనత్త కూడా వస్తానంది. ఆవిడ పేరు కమిటీలో చదివారని తెలిసినప్పటి నుంచి ఆగడం లేదు. రండి అన్నాను. తలుపు తీసి ఉంటే ఎంతమంది ఉన్నా పర్లేదు, తలుపు వేస్తేనే ఇబ్బంది.

సంతకం సంగతి తర్వాత. షాపు పద్ధతి షాపుది. ముందు నేను కూర్చుంటాను. అప్పుడు కండక్టరుకీ, నీకూ ఎదురుగా ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో వాళ్ళని అక్కడే నిలబడమంటాను. వాళ్ళు చాలు అనేదాకా లేవను.

అక్క